రాతినార రేకులు: మన షెడ్డు కప్పు కథ

ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి యివ్వవలసిందని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను గంగవంశపు రాజులను గూర్చియో, గజపతులను గూర్చియో వ్రాస్తానని వారు అనుకొని వుంటారు. అటువంటి విషయాలు వ్రాయగల పండితులు మనలో చాలామంది ఉన్నారు. నేను రైల్వేలో ఒక గుమాస్తాను. నాకు దొరికిన చరిత్ర మన సంఘ భవనం వెనుక, వేపచెట్టు క్రింద ఉన్నది. అది మన మోటారు షెడ్డు మీది కప్పు.

ఆ షెడ్డు అందరూ ఎరిగినదే. పూర్వం ఒక సభ్యుని మోటారుకారు నిలుపుకొనడానికి కట్టినది. కారు పోయింది, షెడ్డు మిగిలింది. ఇప్పుడు అందులో మన గుండిగలు, షామియానా గుడ్డలు, శ్రీరామనవమి పందిరి సామాను, నాటకాల తెరలు, పాత ఉగాది సంచికల బైండు పుస్తకాలు ఉంటున్నాయి. పోయిన వానకాలంలో కప్పు కారి ఆ బైండులలో రెండు తడిసి ముద్దయిపోయాయి. వాటిలో మన తాతల ఫొటోలు, చందాదారుల పేర్లు ఉన్నాయి. వాటికి మరొక ప్రతి ఎవరి యింట్లోనూ దొరకలేదు.

అందుచేత కార్యవర్గ సమావేశంలో కప్పు ప్రస్తావన వచ్చింది. పెద్దలు కొందరు "పగుళ్ళ మీద గుడ్డ వేసి తారు పూయించండి, ఇంకొక పదేళ్ళు వస్తుంది" అన్నారు. యువకులు "ఒక ఆదివారం శ్రమదానం పెట్టి ఆ రేకులు పీకి పారవేద్దాం, పిల్లలను కూడా తీసుకొని వస్తాం" అన్నారు. ఇంతలో ఒక సోదరి లేచి "ఆ రేకు ముట్టుకొనగూడదట, అందులో ఏదో విషం ఉన్నదట, నిజమేనా?" అని అడిగారు. ఎవరమూ సరియైన జవాబు చెప్పలేకపోయాము. "నీవు కనుక్కొని వ్రాయవోయ్" అని కార్యదర్శిగారు ఆ పని నా మీద పెట్టారు. కనుక్కున్నది ఈ దిగువ మనవి చేస్తున్నాను.

మనం వాడుకలో సిమెంటు రేకు అంటాము. కాని వట్టి సిమెంటుతో వేలెడు మందమైనా లేని రేకు నిలువదు, పెళుసై విరిగిపోతుంది. దానికి బలమిచ్చేది లోపలి నార. ఇంగ్లీషువారు ఆస్బెస్టాస్ అంటారు. అది గ్రీకు మాట, ఆరనిది అని అర్థం. తెలుగులో దీనికి రాతినార అని చక్కని పేరున్నది. నిజంగా ఇది నారగా చీలే రాయి. దూదివలె విడదీసి వడికి గుడ్డ నేయవచ్చు. ఆ గుడ్డను నిప్పులో వేసినా కాలదు. తెల్లనిది, గోధుమరంగుది, నీలిది అని వాడుకలో ముఖ్యంగా మూడు రకాలు. మన కప్పు రేకులలో సాధారణంగా ఉండేది తెల్లనిది, దానిని క్రిసొటైల్ అంటారు. ఇది మన తెలుగుదేశంలోనూ దొరికింది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె మొదలైనచోట్ల, సున్నపురాయివంటి డోలమైటు పొరలలోకి పూర్వం కరిగిన రాయి చొచ్చుకొని వచ్చినచోట ఈ తెల్లనార సన్నని చారలుగా ఏర్పడినది. దానిని గనులు త్రవ్వి తీశారు.

ఈ రేకు రాకముందు మన ఇండ్ల మీద తాటాకు, రెల్లుగడ్డి, కుమ్మరి పెంకు ఉండేవి. దొరల బంగళాల మీదికి మంగుళూరు పెంకు వచ్చింది. బేసెల్ మిషనువారు 1865లో మంగుళూరులో ఆ పెంకుల కర్మాగారం పెట్టారు. మడతల ఇనుపరేకు అంతకంటె పాతది. లండను రేవులో ఇంజనీరుగా ఉన్న హెన్రీ పామర్ 1829లో దానికి హక్కుపత్రం పొందాడు. ఆ ఇనుమునకు జింకుపూత పూసే పద్ధతి 1837లో ఫ్రాన్సులో వచ్చింది. 1893 - 1896 మధ్య బెజవాడ నుండి కటకం వరకు ఈస్టుకోస్టు రైలుమార్గం వేసినప్పుడు, ఆ మార్గం వెంబడి మన పూర్వులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పనికి వచ్చారు. మన ఖుర్దారోడ్డు తెలుగు కుటుంబాల కథ అక్కడనే మొదలవుతుంది. వారి కాలంలో రాతినార రేకు ఇంకా పుట్టనే లేదు.

అది పుట్టినది ఆస్ట్రియా దేశంలో. లుడ్విగ్ హాట్‌షెక్ అనే ఆయన 1893లో ఫొక్లాబ్రుక్ అనే ఊరివద్ద ఒక పాత కాగితపు మిల్లు కొని రాతినార సామాను చేయసాగాడు. ఆయనకు కావలసినది పలుచని, తేలికైన, కాలని, తుప్పుపట్టని కప్పు. పలకరాయి బరువు, తగరం తుప్పుపడుతుంది, తారు కాగితం అంటుకొంటుంది. చాలా సంవత్సరాలు ప్రయత్నించి, కాగితం చేసే యంత్రాన్నే మార్చి, అందులో కాగితపు గుజ్జుకు బదులు సిమెంటు, నార, నీరు కలిపిన గుజ్జు పోశాడు. గుజ్జు పలుచని పొరలుగా దొంతరపడి రేకు తయారైంది. పాలు సుమారు తొమ్మిది వంతులు సిమెంటు, ఒక వంతు నార. 1901లో హక్కుపత్రం వచ్చింది. శాశ్వతమైనది అనే లాటిను మాట నుండి దానికి ఎటర్నిట్ అని పేరుపెట్టాడు. ఆ యంత్రాన్ని నేటికీ హాట్‌షెక్ యంత్రమనే అంటారు.

ఇంగ్లండులోని టర్నర్ అండ్ న్యూవల్ కంపెనీవారు 1934లో మన దేశంలో ఈ వ్యాపారానికి సంస్థను పెట్టి, బొంబాయి దగ్గర ములుండులో రేకులు చేయించారు. 1946లో హైదరాబాదులో హైదరాబాదు ఆస్బెస్టాస్ కంపెనీ వెలసి సనత్‌నగరులో రేకులు చేసింది. ఆ రేకు మీది చార్మినార్ మార్కు తెలుగు పల్లెలలో ఎరుగనివారు లేరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలోను, ఆ తరువాత కొన్ని సంవత్సరాలును ఇనుము కంట్రోలు సరుకు. పర్మిటు లేక ఇనుపరేకు దొరకదు.  అందుచేత గోదాములు, మిల్లులు, బడులు, స్టేషను ప్లాట్‌ఫారాలు, కోళ్ళఫారాలు, పేదల ఇండ్లు అన్నీ ఈ రేకు కిందికి వచ్చాయి.

దాని గుణాలు దాచి చెప్పడం న్యాయం కాదు. చౌక. తుప్పు పట్టదు, సముద్రగాలికి చెక్కుచెదరదు. చెద తినదు. ఎండలో ఇనుపరేకంత కాలదు. వానలో ఇనుపరేకంత మోత మోగదు. ఏటేటా గడ్డి కప్పించుకొనే బాధ పోయి, నిప్పురవ్వకు గుడిసె అంటుకొనే భయం పోయి, ఎందరో పేదలు ఈ రేకు కింద నిద్రపోయారు. మన పెద్దలు ఈ రేకును మెచ్చుకొన్నారంటే అందులో తప్పు లేదు.

కాని ఈ నారకు మరొక చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో రాచ్‌డేల్ పట్టణంలో నెల్లీ కెర్షా అనే స్త్రీ చిన్నతనం నుండి రాతినార వడికే మిల్లులో పనిచేసి 1924లో 33వ ఏట ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. డాక్టరు విలియం కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి, వాటిలో నార ముక్కలు చూచి, వైద్య పత్రికలో వ్రాశాడు. ఆ జబ్బుకు ఆస్బెస్టోసిస్ అని పేరు వచ్చింది. తరువాత మెర్‌వెదర్ అనే సర్కారు డాక్టరు 363 మంది కార్మికులను పరీక్షించాడు. 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడి వున్నట్లు తేలింది, అనగా ప్రతి నలుగురిలో ఒకరికి పైగా. ఆ నివేదిక 1930లో వెలువడింది, 1931లో ఇంగ్లండు ప్రభుత్వం దుమ్ము అదుపుకు నియమాలు చేసింది. ఇది మన దేశంలో ములుండు కర్మాగారం రాకముందటి మాట. అక్కడ తెలిసిన సంగతి ఇక్కడ రేకు కొన్నవారికి ఎవరూ చెప్పలేదు.

1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే డాక్టరు, ఆయన సహచరులు నీలి నార గనుల ప్రాంతంలో ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే అరుదైన పుట్టకురుపు జబ్బు, అనగా మెసోథీలియోమా అనే క్యాన్సరు, 33 మందిలో చూచి ప్రకటించారు. వారిలో గనిలో ఎన్నడూ పనిచేయక, చిన్నప్పుడు ఆ చుట్టుపట్ల పెరిగినవారు కూడా ఉన్నారు. 1965లో లండనులో చేసిన పరిశోధనలో, ఇంటిలో భర్తల పనిబట్టలు ఉతికిన స్త్రీలకు కూడా ఆ జబ్బు వచ్చినట్లు తేలింది. నార తలవెంట్రుక కంటె వందల రెట్లు సన్నన. గాలిలో తేలి ఊపిరితో లోపలికి పోతే కరగదు, బయటికి రాదు. జబ్బు బయటపడేటప్పటికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళు పడుతుంది. అప్పటికి మనిషి ఆ పని ఎప్పుడు చేశాడో కూడా మరచిపోయి ఉంటాడు.

ఈ విషయాలు చదువుతున్నప్పుడు, మన కాలనీలో ఆవిరి ఇంజన్ల కాలంలో బాయిలరు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఒక తాతగారి వద్దకు వెళ్ళాను. వేడి బయటికి పోకుండా ఆ బాయిలర్లకు రాతినార పూత, పట్టీలు చుట్టేవారు. తాతగారు నవ్వుతూ, "ఆ పిండి మేం చేత్తోనే కలిపేవోళ్ళం బాబూ. పాతది ఊడగొడితే మంచు కురిసినట్టుండీది" అన్నారు. నేను 1965 నాటి లండను సంగతి చెప్పాను. ఆయన కొంతసేపు ఊరుకొని, "నా బట్టలు మీ మామ్మే ఉతికీది" అన్నారు. మరి మాట్లాడలేదు. నేనూ అడుగలేదు.

క్యాన్సరును గూర్చిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1977లోనే అన్ని రకాల రాతినారనూ మనిషికి క్యాన్సరు కలిగించేవిగా లెక్కకట్టింది. ఇంగ్లండు 1985లో నీలి, గోధుమ నారలను, 1999లో తెల్లనారను నిషేధించింది. 2005 నాటికి ఐరోపా సంఘమంతా మానివేసింది. ప్రపంచానికి తెల్లనారను ఎగుమతి చేసిన కెనడా 2018లో నిషేధించింది. ఆ దేశపు క్విబెక్ రాష్ట్రంలో ఆస్బెస్టాస్ అనే ఊరే ఉండేది. గని మూతబడిన తరువాత 2020లో ఊరివారు వోటు వేసి ఆ పేరు మార్చుకొన్నారు. 2024లో అమెరికా కూడా తెల్లనారను నిషేధిస్తూ నియమం చేసింది.

మన దేశంలో 1986 నుండి ఈ గనులకు కొత్త కౌళ్ళు ఇవ్వడం మానివేశారు. 1993 నుండి పాతవాటిని పొడిగించడం కూడా ఆపారు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, ఈ పరిశ్రమలో పనిచేసే ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుండి కనీసం 40 ఏళ్ళు గాని, పని మానిన తరువాత 15 ఏళ్ళు గాని, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంచవలెనని తీర్పు చెప్పింది. ఆరోగ్యం వారి ప్రాథమిక హక్కు అని కూడా చెప్పింది. అయితే పై దేశాల నుండి తెల్లనార తెప్పించి రేకులు చేయడం మన దేశంలో నిషేధింపబడలేదు. మనం త్రవ్వడం మానిన నారను కొని తెచ్చుకొంటున్నామన్నమాట.

ఇక మన షెడ్డు సంగతి. సోదరి అడిగిన ప్రశ్నకు జవాబు యిది: పగలని, చెక్కుచెదరని రేకు తల మీద ఉన్నంత మాత్రాన ఆపద కాదు. నార సిమెంటులో బిగిసి ఉంటుంది. రేకు కోసినా, బెజ్జం వేసినా, గీకినా, పగలగొట్టినా, ఆ ముక్కలు ఊడ్చినా నార గాలిలో కలుస్తుంది. పాతబడిన రేకు మీద వాననీటికి సిమెంటు కొంచెం కొంచెంగా అరిగి, పైన నార బయటపడుతుంది. వేలితో రాస్తే బూడిదవలె అంటుకొనేది అదే.

ఇక్కడ నేనొక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. 2019 మే 3వ తేదీన ఫొని తుఫాను పూరీ దగ్గర తీరం దాటింది. ఆ ఉదయం మన కాలనీలో ఎన్ని కప్పులు లేచిపోయాయో మీకు తెలుసును. రోజుల తరబడి కరెంటు లేదు. మేము యువకులం నడుములు కట్టి వీధులు బాగుచేశాము. రేకు ముక్కలను సుత్తెలతో చిన్నవి చేసి బండ్లకెత్తాము. కొన్ని ముక్కలు మన ఆవరణలోనే గుంటలలో పోసి త్రొక్కాము. పొడిగానే చీపుళ్ళతో ఊడ్చాము. ఏడెనిమిదేళ్ళ పిల్లలు ముక్కలు ఏరి యిచ్చారు. ఆ పిల్లల వరుసను నిలబెట్టినవాడిని నేనే. అందరూ మమ్ములను మెచ్చుకొన్నారు, నా ఫొటో కూడా తీశారు. ఒక రోజు దుమ్ముతో అందరికీ జబ్బు వస్తుందని చెప్పడం సరికాదు. ఏళ్ళ తరబడి పీల్చినవారికే ఆపద ఎక్కువ. అయినా తెలిసి వుంటే నేను ఆ పిల్లలను పిలిచి ఉండేవాడిని కాను.

రేకు ఎందుకు కారుతుందో కూడ చూచాను. మేస్త్రీ నిచ్చెన వేసి చూపించాడు. చాలావరకు రేకులు గట్టిగానే ఉన్నాయి. రేకును ఇనుప పట్టీలకు పట్టి ఉంచే హుక్కులు తుప్పుపట్టి లావై, చుట్టూ బెజ్జాలను పగులగొట్టాయి. హుక్కు కింది తారు వాషర్లు ఎండి రాలిపోయాయి. రేకు మీద రేకు ఎక్కినచోట వేపాకు, నాచు చేరి నీరు వెనుకకు ఎగబీలుస్తున్నది. మూడు రేకులు మనిషి కాలు పడి చీలినవి. కొప్పు రేకు ఒకటి ఫొనిలోనే జరిగింది.

గుడ్డా తారూ వేయడం వట్టి అవివేకమని నేననను. ఒకటి రెండు చీలికలకు అది పనిచేస్తుంది. కాని తారు అంటవలెనంటే నాచు గీకి శుభ్రం చేయవలెను. ఆ గీకడంలోనే నార లేస్తుంది. పైపు నీటి వేగంతో కడిగినా అంతే, నార నీటితో కాలువలోకి పోయి, ఎండి, మరల గాలిలోకి వస్తుంది. పైగా తుప్పు హుక్కులలో ఉన్నది. వాటిని తారు ఆపలేదు. పాత కప్పు మీదనే మరొక రేకు వేయడం మూడవ ఉపాయం. అది ఇతర దేశాలలో చేస్తారు. కాని మన షెడ్డు ఇనుప పట్టీలు రెండు కప్పుల బరువును, తుఫాను ఎగదన్నును ఓర్చేవి కావని మేస్త్రీ అన్నాడు. కనుక తీసివేయడమే మిగిలింది.

తీసివేసే పద్ధతి ఉన్నది. ఆ పని తెలిసినవారే చేయవలెను. రేకు మీద కాలు మోపరాదు, అది విరిగి మనిషి కింద పడతాడు. పలకలు వేసుకొని, సాధ్యమైనంతవరకు కిందనుండి పని చేయాలి. మొదట రేకులను సబ్బునీటితో సన్నని జల్లుగా తడపాలి. హుక్కులను కోసి రేకులను పగలకుండా నిలువుగా దింపాలి, విసరరాదు. ముక్కుకు జేబురుమాలు చాలదు, సన్నని దుమ్మును ఆపే ఫిల్టరు మాస్కు ఉండాలి. పనిబట్టలు ఇంటికి తీసుకొని పోరాదు. రేకులను, ముక్కలను మందమైన ప్లాస్టిక్కులో చుట్టి అంటించి, పైన సంగతి వ్రాయాలి. ఎక్కడ పారవేయాలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని, మునిసిపాలిటీని అడిగి తెలుసుకోవాలి. నేలను పొడి చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా అందులోనే చుట్టాలి. షెడ్డులోని సామాను ముందే బయటికి తేవాలి.

దాని స్థానంలో రంగుపూత ఇనుపరేకు వేయవచ్చు, లేదా రాతినార లేకుండా వేరే నారతో చేసిన సిమెంటు రేకు వేయవచ్చు. రెండవది కొనేటప్పుడు రాతినార లేదని వ్రాతమూలకంగా తీసుకోవాలి. ఇనుపరేకైతే వేడి, మోత భరించవలె. తుఫానులో లేచిన ఇనుపరేకు కత్తివంటిది. కాబట్టి అంచులలో మరలు దగ్గర దగ్గరగా, పట్టీలు గోడలలోకి గట్టిగా బిగించి ఉండాలి.

ఇదంతా తారుపూత కంటె చాలా రెట్లు ఖర్చు. మన చందాలలో సగం పెన్షను డబ్బు అని నేనెరుగుదును. అయినా నా మనవి యిది: సర్వసభ్య సమావేశంలో ఈ ఖర్చుకు ఒప్పుకోండి. ఈ ఏడు విందులో ఒక వంటకం తగ్గినా ఫరవాలేదు. 2019లో మనం గుంటలలో పోసిన ముక్కలను కూడా ఆ పనివారిచేతనే తడిపి తీయించి, ప్లాస్టిక్కులో చుట్టించండి. వాటి చోటు నాకు తెలుసును, నేను చూపిస్తాను.

యువకుల శ్రమదానం వృథా పోనక్కరలేదు. కప్పు తీసేరోజున వారు, పిల్లలు భవనం దరికి రాకుండా, ఎవరి యిండ్లలో వారు పాత పెట్టెలు వెదికి ఆ రెండు సంచికలలోని ఫొటోలు, పేర్లు దొరికినంతవరకు పోగుచేయాలి. బైండులలో చదవగలిగిన పుటలను చక్కగా కాపీ వ్రాయాలి. తాతగారు తన వద్ద ఒక గ్రూపు ఫొటో ఉన్నదని చెప్పారు. అందులో మామ్మగారు కూడా ఉన్నారట. వచ్చే ఉగాది సంచికలో దానిని అచ్చువేద్దాం.

సభ్య సోదర సోదరీమణులకు, పిల్లలకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.